కౌంటరుకు ఇవతల నిలబడి చూస్తే

(విశ్వవిద్యాలయాల్లో స్త్రీల స్థితిగతులపై విద్యార్థినులు, మహిళా కార్యకర్తలు కలిసి జరుపుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశానికి పిలిచినప్పుడు నన్ను 'విద్యార్థినుల సమస్యలు' అన్న అంశం మీద మాట్లాడమన్నారు. ఆ మాట వినగానే నాకు కొంచెం బెరుకు కలిగింది. సమస్యల జాబితాలు రాయడంలో మనం ఆరితేరిపోయాం. హాస్టల్లో నీళ్లు రావు, బాత్‌రూములకు గడియలు లేవు, స్కాలర్‌షిప్ పడలేదు, ఫిర్యాదు చేస్తే పలికే నాథుడు లేడు. ఈ జాబితా నేను చదువుకునే రోజుల్లోనూ రాశాం, మెమొరాండంగా ఇచ్చాం. ఇవాళ నా కూతురి వయసు పిల్లలూ అదే రాస్తున్నారు. కాబట్టి జాబితా చదవను. ఒక అమ్మాయి ఒక కాగితం కోసం తిరిగిన దారి గురించి చెప్తాను. ఆ దారి వెంటే అసలు విషయంలోకి వద్దాం.

ఆ అమ్మాయి ఎమ్మెస్సీ చదువుతోంది. తల్లి కూలికి వెళ్తుంది, తండ్రి లేడు. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఆ అమ్మాయే. రెండో ఏడాది స్కాలర్‌షిప్ రెన్యువల్‌కు బోనఫైడ్ సర్టిఫికెట్ కావాలి. డిపార్టుమెంటు ఆఫీసుకు వెళ్లింది. గుమాస్తా సెలవు. మర్నాడు వెళ్లింది. దరఖాస్తు తీసుకుని హెడ్ సంతకం కావాలన్నారు. హెడ్ మీటింగులో ఉన్నారు. సంతకం అయ్యాక పరిపాలనా భవనంలో సెక్షన్‌కు వెళ్లమన్నారు. అక్కడ రుసుము కట్టిన రసీదు ఏదన్నారు. రసీదు తెస్తే, హాస్టల్ నుంచి 'నో డ్యూస్' తెమ్మన్నారు. హాస్టల్ ఆఫీసులో మెస్ బిల్లు బకాయి ఉంది, కడితేనే నో డ్యూస్ ఇస్తామన్నారు. మెస్ బిల్లు కట్టాలంటే స్కాలర్‌షిప్ రావాలి. స్కాలర్‌షిప్ రావాలంటే బోనఫైడ్ కావాలి.

కాగితం లేక డబ్బు రాలేదు, డబ్బు లేక కాగితం రాలేదు. మొత్తం తొమ్మిదిసార్లు తిరిగింది. ఆఫీసు వేళలూ ల్యాబు వేళలూ ఒకటే కాబట్టి తిరిగిన ప్రతిసారీ ల్యాబు పోయింది. ల్యాబు పోతే హాజరు తగ్గింది. హాజరు తగ్గితే కండొనేషన్ ఫీజు కట్టాలన్నారు. ఈలోగా ఇంటి దగ్గర మేనమామ సంబంధం చూశాడు. 'చదివింది చాల్లే' అన్నారు. డిసెంబరులో ఆ అమ్మాయి పెట్టె సర్దుకుని ఊరెళ్లిపోయింది.

ఇందులో దుర్మార్గుడెవరో వెతకండి, దొరకడు. డిపార్టుమెంటు గుమాస్తా రూలు ప్రకారమే చేశాడు. సెక్షన్‌లో ఆవిడా రూలు ప్రకారమే చేసింది. వార్డెన్‌కు ఆడిట్ భయం. ఎవరి బల్ల దగ్గర చూసినా పని సక్రమంగానే ఉంది. బల్లలన్నీ కలిసి ఒక ఆడపిల్ల చదువు మానిపించాయి. ఆ దారి మొత్తం నడిచింది ఆ అమ్మాయి ఒక్కతే. అది వలయమని తెలిసింది కూడా ఆ అమ్మాయి ఒక్కదానికే.

సేవల రూపకల్పన అంటే

ఆ అమ్మాయి స్నేహితురాళ్లు మా దగ్గరకు వచ్చి ఈ సంగతంతా చెప్పినప్పుడు మేం మెమొరాండం రాయలేదు. ఒక పెద్ద చార్టు కాగితం నేల మీద పరిచి, ఆ తొమ్మిది తిరుగుళ్లనూ వరుసగా గీయించాం. గీస్తుండగానే పక్కనున్న పిల్లలు 'నాకూ అంతే', 'మా అక్కకూ అంతే' అనడం మొదలుపెట్టారు. అంతవరకూ ప్రతి ఒక్కరూ అది తన ఖర్మ అనుకున్నారు, తనకు ఇంగ్లీషు సరిగా రాకపోవడం వల్ల అనుకున్నారు.

ఇలా గీసి చూసే పనికి ఒక పేరుందని నాకు తర్వాత తెలిసింది. సర్వీస్ డిజైన్ అంటారు, సేవల రూపకల్పన అనుకుందాం. కుర్చీనో యంత్రాన్నో తయారు చేసే ముందు బొమ్మ గీసుకుంటారు కదా. అలాగే బ్యాంకు, ఆసుపత్రి, విశ్వవిద్యాలయం మనిషికి చేసిపెట్టే పనికి కూడా ముందుగా బొమ్మ గీయాలని, అదీ ఆ పని పొందే మనిషి వైపు నుంచి గీయాలని దీని సారాంశం. ఈ ఆలోచనను మొదట ఒక పద్ధతిగా రాసినవారు ఒక స్త్రీ, అమెరికాలో బ్యాంకింగ్ రంగంలో పనిచేసిన లిన్ షోస్టాక్. 1982లో ఒక వ్యాసంలో, 1984లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఆమె ఈ 'బ్లూప్రింట్' పద్ధతిని వివరించారు. వీధి మూల కూర్చుని బూట్లు పాలిష్ చేసే మనిషి పనిని ఉదాహరణగా తీసుకుని, ఒక్కొక్క అడుగూ, దానికి పట్టే సమయం, ఎక్కడ తప్పు జరగవచ్చో గీసి చూపించారు. 1995లో జర్మనీలోని కొలోన్‌లో ఈ విషయానికి మొదటి ప్రొఫెసర్‌గా నియమితులైనవారు కూడా స్త్రీయే, బిర్గిట్ మాగర్.

షోస్టాక్ బొమ్మలో ఒక అడ్డగీత ఉంటుంది. గీతకు పైన ఉన్నదంతా సేవ పొందే మనిషికి కనిపిస్తుంది. కింద ఉన్నది కనిపించదు. మన అమ్మాయికి కనిపించింది కౌంటరు, గుమాస్తా, 'రేపు రా అమ్మా' అన్న మాట. కనిపించనివి ఫైలు ఏ బల్ల మీద ఎన్నాళ్లు ఆగింది, ఎవరి పోస్టు ఖాళీగా ఉంది, నో డ్యూస్ నిబంధన ఎవరు ఎందుకు పెట్టారు అన్నవి. మనం ఇన్నాళ్లూ గీతకు పైన పోట్లాడుతూ వచ్చాం. కౌంటరులో మనిషిని తిట్టాం. జబ్బు గీతకు కింద ఉంది.

మన అనుమానాలు

మీలో కొందరికి ఈపాటికి చిరాకు కలిగి ఉంటుంది. 'సేవ' అన్న మాట వింటేనే మనకు అనుమానం రావాలి. తరతరాలుగా సేవ చేయమని మనకే చెప్పారు. పైగా ఇది మార్కెట్టు నుంచి వచ్చిన మాట. విద్యార్థిని వినియోగదారుగా, చదువును సరుకుగా చూసేవాళ్లు ఇష్టపడే మాట. ప్రైవేటు విశ్వవిద్యాలయాల రంగురంగుల కరపత్రాల్లో 'విద్యార్థి అనుభవం' అంటే ఏసీ గదులు, కాఫీ దుకాణం.

ఈ అనుమానం సరైనదే. వినియోగదారు నచ్చకపోతే ఇంకో దుకాణానికి పోతాడు. పల్లె నుంచి వచ్చిన ఆ పిల్లకు ఇంకో దుకాణం లేదు. కొనుక్కోవడానికి రాలేదు, తన హక్కు తీసుకోవడానికి వచ్చింది. అందుకని వాళ్ల మాటను పక్కన పెట్టి, పనిముట్టును మాత్రం తీసుకుందాం. కత్తిపీట ఎవరింట్లోదైనా కూర తరగడానికి పనికొస్తుంది.

నిజానికి ఈ పనిముట్టు మనకు కొత్తదీ కాదు. 1989లో కెనడాలోని టొరంటోలో మెట్రాక్ అనే సంస్థ 'స్త్రీల భద్రతా ఆడిట్' మొదలుపెట్టింది. ఆడవాళ్లే గుంపుగా చీకటి పడ్డాక వీధుల్లో నడిచి, ఎక్కడ దీపం లేదు, ఎక్కడ గోడ అడ్డం, ఎక్కడ పిలిచినా వినపడదు అని రాసుకోవడం అది. మన దేశంలో ఢిల్లీలో జాగోరి ఇలాంటి నడకలు చేయించింది. నడిచేవారి జ్ఞానమే అసలు జ్ఞానమని స్త్రీల ఉద్యమం ఎప్పుడో గుర్తించింది. ఆ నడకను ఇప్పుడు విశ్వవిద్యాలయం ఆఫీసు లోపలికి తీసుకెళ్లమంటున్నాను.

ఇంకో హెచ్చరిక కూడా చెప్పాలి. అన్ని అన్యాయాలూ సేవాలోపాలు కావు. 2016 జనవరి 17న హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నాడు. తనకు రావలసిన ఏడు నెలల ఫెలోషిప్ గురించి చివరి ఉత్తరంలో రాశాడు. అది కాగితాలు ఆలస్యం కావడం మాత్రమేనని ఎవరైనా అంటే ఒప్పుకోకూడదు. కుల వివక్షను చార్టు కాగితం తుడిచెయ్యదు. ఒకే కౌంటరు ముందు ఎవరిని కూర్చోబెడుతున్నారు, ఎవరిని నిలబెడుతున్నారు అన్నది మాత్రం చార్టులో కనిపిస్తుంది. అందుకే దాన్ని గీసేటప్పుడు దళిత, ఆదివాసీ, ముస్లిం విద్యార్థినుల దారులు విడివిడిగా గీయాలి. సగటు విద్యార్థిని అనే మనిషి ఎక్కడా లేదు.

హాస్టల్ గేటు

కేంద్ర విద్యాశాఖ సర్వే ప్రకారం 2021-22లో దేశంలో ఉన్నత విద్యలో ఉన్న 4.33 కోట్ల మందిలో 2.07 కోట్ల మంది స్త్రీలు. దాదాపు సగం. కానీ ఈ సంస్థల వేళలు, నిబంధనలు, దరఖాస్తు ఫారాలు ఇంటి పని లేని, నెలసరి రాని, రాత్రి ఎక్కడికైనా వెళ్లగలిగిన మనిషిని మనసులో పెట్టుకుని తయారైనవే. పెళ్లయిన విద్యార్థిని సంగతి చూడండి. పదో తరగతి మెమోలో ఒక ఇంటిపేరు, ఆధార్‌లో మారిన ఇంటిపేరు ఉంటాయి. ఆన్‌లైన్ దరఖాస్తు 'పేరు సరిపోలలేదు' అని వెనక్కి కొడుతుంది. యంత్రానికి పక్షపాతం లేదంటారు. దానికి లెక్క నేర్పిన మనిషి ఆడవాళ్ల ఇంటిపేరు మారుతుందన్న సంగతి తలుచుకోలేదు, అంతే.

హాస్టల్ గేటు విషయం తీసుకుందాం. 2015లో ఢిల్లీలో 'పింజ్రా తోడ్' పేరుతో విద్యార్థినులు హాస్టల్ ఆంక్షల మీద ఉద్యమించారు. విశ్వవిద్యాలయాల్లో లైంగిక వేధింపుల నివారణ కోసం యూజీసీ 2015లో రూపొందించి 2016లో ప్రకటించిన నిబంధనల్లో, భద్రత పేరు చెప్పి మగ విద్యార్థులకు లేని ఆంక్షలు ఆడ విద్యార్థులకు పెట్టకూడదని స్పష్టంగా ఉంది. 2019లో కేరళ హైకోర్టు త్రిశూర్‌లోని ఒక కళాశాల హాస్టల్ ఆంక్షలను కొట్టేసింది. అదే ఏడాది ఇంకో కేసులో, హాస్టల్లో ఫోను వాడనివ్వకపోవడం విద్యాహక్కుకూ వ్యక్తిగత గోప్యతకూ భంగమన్నది. 2022లో కోజికోడ్ వైద్య కళాశాల విద్యార్థినులు రాత్రి 9.30 ఆంక్ష మీద కోర్టుకెళ్లారు. చివరకు ప్రభుత్వం అబ్బాయిలకూ అమ్మాయిలకూ ఒకే వేళ అని ఉత్తర్వు ఇచ్చింది.

ఇవి చిన్న విజయాలు కావు. కానీ చార్టు గీయండి. గేటు పదింటి దాకా తెరిచి ఉందనుకుందాం. లైబ్రరీ ఎనిమిదింటికి మూస్తారు. లైబ్రరీ నుంచి హాస్టల్ దాకా దారిలో దీపాల్లేవు. మెస్ ఎనిమిదిన్నరకు మూతపడుతుంది, ఆ తర్వాత వచ్చినవాళ్లకు అన్నం ఉండదు. ఇంటి నుంచి వచ్చి చదివే పిల్లలకు చివరి బస్సు ఏడున్నరకు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి స్త్రీలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది, మంచిదే. బస్సు ఉచితమే, ఆ వేళకు బస్సుండాలి కదా. హక్కు గేటు దగ్గర దొరికింది. అది పనికి రావాలంటే లైబ్రరీ, దీపం, అన్నం, బస్సు, నాలుగూ కలవాలి.

ఇక గీతకు కింద చూడండి. లైబ్రరీ పదింటి దాకా తెరవాలని మనం అడుగుతాం. సరే. అక్కడ ఊడ్చే ఆమె, గేటు దగ్గర వాచ్‌వుమన్, మెస్సులో వంట చేసే ఆమె, వీళ్లు ఎక్కువ మంది కాంట్రాక్టు మీద పనిచేసే ఆడవాళ్లు. రాత్రి పదింటికి వాళ్లు ఇంటికెలా వెళ్తారు? అదనపు వేళకు జీతం ఎవరిస్తారు? విద్యార్థిని అనుభవం బాగుపడటానికి ఇంకో స్త్రీ నడుం విరగ్గొట్టడం మనకు సమ్మతం కాదు. కంపెనీలు చేసే సర్వీస్ డిజైన్‌కూ మనం చేయాల్సిన దానికీ తేడా ఇక్కడే ఉంది. మన చార్టులో గీతకు కింద ఉన్నవాళ్లకూ పేరుండాలి, గొంతుండాలి.

ఫిర్యాదు పెట్టె

రెండోది ఫిర్యాదు. 1997లో విశాఖ తీర్పు వచ్చింది. 2013లో చట్టం వచ్చింది. యూజీసీ నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. అందులో కనీసం సగం మంది స్త్రీలు ఉండాలి. విద్యార్థులకు సంబంధించిన కేసయితే విద్యార్థులు ఎన్నుకున్న ముగ్గురు ప్రతినిధులుండాలి. సంఘటన జరిగిన మూడు నెలల్లో ఫిర్యాదు చేయాలి, తగిన కారణముంటే గడువు పొడిగించవచ్చు. 90 రోజుల్లో విచారణ ముగించాలి. కాగితం మీద ఇది చాలా బాగుంది.

నేను చూసిన ఒక కళాశాలలో ఫిర్యాదు పెట్టె ప్రిన్సిపాల్ గది ఎదురుగా ఉంది. ప్రిన్సిపాల్ కోసం ఎదురుచూసే బెంచీ కూడా అక్కడే. అంటే ఎవరు పెట్టెలో కాగితం వేసినా కనీసం పదిమంది చూస్తారు. తాళంచెవి సూపరింటెండెంటు దగ్గర ఉంది. 'ఎప్పుడు తెరుస్తారండీ?' అని అడిగితే, 'ఇంతవరకూ ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదమ్మా, మా కాలేజీలో అలాంటివి లేవు' అన్నాడాయన. నోటీసు బోర్డులో కమిటీ పేర్లు ఇంగ్లీషులో ఉన్నాయి. అందులో ఒకరు రిటైరై ఏడాదిన్నర అయింది. ఫోను నంబరు పనిచేయడం లేదు.

ఆ పెట్టె పెట్టినవాళ్లు చట్టం పాటించామనే అనుకుంటున్నారు. ఒక అమ్మాయి దాన్ని వాడుకునే క్షణాన్ని ఎవరూ ఊహించుకోలేదు. ఊహించి ఉంటే ఆ పెట్టె ఆడపిల్లల విశ్రాంతి గదిలో ఉండేది. తాళంచెవి కమిటీ అధ్యక్షురాలి దగ్గర ఉండేది. ఏ రోజు తెరుస్తారో రాసి ఉండేది. ఫిర్యాదు చేసిన మర్నాటి నుంచి ఆ అమ్మాయి ఏ క్లాసులో ఎవరి ఎదుట కూర్చుంటుందన్నది కూడా ముందే ఆలోచించి ఉండేవారు. పీహెచ్‌డీ విద్యార్థినికైతే ఇది జీవన్మరణ సమస్య. ఫిర్యాదు గైడు మీదే అయితే, విచారణ నడుస్తున్నంతకాలం ఆయనే తన పని మీద అభిప్రాయం రాస్తాడు. అలా రాయకుండా ఆరోపితుణ్ణి ఆపే వీలు యూజీసీ నిబంధనల్లో ఉంది. ఆ సంగతి ఎంతమంది విద్యార్థినులకు తెలుసు? కమిటీ సభ్యుల్లో ఎంతమందికి తెలుసు?

మూడోది హాజరు. 2023 జనవరిలో కొచ్చిన్ విశ్వవిద్యాలయం విద్యార్థి సంఘం అడిగిన మీదట, నెలసరి దృష్ట్యా విద్యార్థినులకు సెమిస్టరుకు హాజరులో 2 శాతం మినహాయింపు ఇచ్చింది. కొద్ది రోజుల్లోనే కేరళ ప్రభుత్వం దాన్ని రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాలకు వర్తింపజేసింది. 75 శాతం కావలసిన చోట 73 శాతం చాలు. అంతకు ముందు 2021 డిసెంబరులో యూజీసీ డిగ్రీ, పీజీ విద్యార్థినులకు ప్రసూతి సెలవు, హాజరు సడలింపుల గురించి నిబంధనలు చేసుకోమని సంస్థలకు ఉత్తరం రాసింది. పరిశోధక విద్యార్థినులకు 2016 నుంచే 240 రోజుల దాకా ప్రసూతి, శిశుసంరక్షణ సెలవు ఉంది. ఇలాంటి ప్రతి నిర్ణయం దగ్గరా మనం ఒకే ప్రశ్న వేయాలి: దీన్ని పొందడానికి ఆమె ఎవరి ఎదుట నిలబడి ఏం చెప్పుకోవాలి? అడగకుండానే లెక్కలో కలిసేది హక్కు. మగ గుమాస్తాకు నెలసరి గురించి వివరించి తీసుకోవలసి వస్తే అది ఇంకో అవమానం.

మనం చేయగల పని

మన సంఘాలు రేపటి నుంచి చేయగలిగిన పని ఒకటి చెప్పి ముగిస్తాను. దీనికి కంప్యూటర్ అక్కర్లేదు, నిపుణులు అక్కర్లేదు.

ఒక్క పనిని ఎంచుకోండి. బోనఫైడ్, హాస్టల్ అడ్మిషన్, స్కాలర్‌షిప్, ఏదైనా సరే. ఆ పని మీద తిరిగే అమ్మాయితో పాటు మొదటి నుంచి చివరి దాకా నడవండి. మాట్లాడకండి, చూడండి. తర్వాత చార్టు మీద నాలుగు వరుసలు గీయండి. మొదటి వరుసలో ఆమె ఏం చేసింది. రెండో వరుసలో ఎవరు ఎదురయ్యారు. మూడో వరుసలో వెనక ఏం జరిగింది. నాలుగో వరుసలో ఆమెకు పడిన ఖర్చు: రోజులు, రూపాయలు, పోయిన క్లాసులు, పడిన మాటలు. ఈ నాలుగో వరుస ఏ ఆఫీసు రికార్డులోనూ ఉండదు. దాన్ని రాయడమే మన పని.

మూడో వరుస మనకు తెలియదు కాబట్టి గుమాస్తాలతో, అటెండర్లతో కూర్చోండి. నిందించడానికి వచ్చామని కాక, అడగడానికి వచ్చామని చెప్పండి. నలిగిపోతున్నవాళ్లలో వాళ్లూ ఉన్నారు. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. లైంగిక వేధింపుల విషయంలో నిజంగా జరిగిన ఫిర్యాదును ఎప్పుడూ చార్టు మీద పెట్టకూడదు. ఊరు పేరు మార్చినా క్యాంపస్‌లో పోల్చుకుంటారు. 'ఒక అమ్మాయి ఫిర్యాదు చేయాలనుకుంటే' అని ఊహించి, మనమే ఆ దారిలో నడిచి చూడాలి.

చివరగా, పది డిమాండ్లు పెట్టకండి. ఒక్క మార్పు అడగండి. ఏ అధికారి, ఏ తేదీలోగా చేయాలో రాసి ఇవ్వండి. మూడు నెలల తర్వాత మళ్లీ ఆ దారిలో నడవండి. మారిందో లేదో అప్పుడే తెలుస్తుంది.

మేం ఆ చార్టు పట్టుకుని రిజిస్ట్రారు దగ్గరకు వెళ్లాం. ఆయన చాలాసేపు చూశారు. వలయం ఉన్నచోట వేలు పెట్టి, 'ఇది నాకు తెలియదు' అన్నారు. నిజమే అయి ఉంటుంది. బోనఫైడ్‌కు హాస్టల్ నో డ్యూస్ అవసరం లేదని ఫిబ్రవరిలో ఉత్తర్వు వచ్చింది, ఒకే ఒక్క వాక్యం. ఆ వాక్యం కోసం అంతకుముందు ఎన్ని ధర్నాలు చేశామో నాకు గుర్తు. అప్పుడు మాకు ఏ వాక్యం కావాలో మాకే తెలియదు.

ఆ అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, 'అక్కా, మరి నా హాజరు?' అంది. హాజరు తిరిగి రాలేదు. తల్లిని ఒప్పించడానికి మా వాళ్లు రెండుసార్లు ఆ ఊరు వెళ్లారు. పెళ్లి వాయిదా పడింది. మరుసటి ఏడాది తన జూనియర్లతో కూర్చుని ఎమ్మెస్సీ పూర్తి చేసింది. ఒక సంవత్సరం పోయింది. ఆ సంవత్సరానికి ఎవరూ బాధ్యులు కారు, రికార్డుల్లో అది 'విద్యార్థిని వ్యక్తిగత కారణాలు' అని ఉంది.

మిత్రులారా, ఆ 'వ్యక్తిగత కారణాలు' అన్న మాట వెనక ఏముందో బయటికి తీయడమే ఇంతకాలంగా స్త్రీల ఉద్యమం చేస్తున్న పని. ఈసారి దానికి ఒక చార్టు కాగితం, నాలుగు గీతలు తోడు తెచ్చుకుందామని నా మనవి. మిగతాది చర్చలో మాట్లాడుకుందాం. సెలవు.